నడుం మీద ఎడమ చెయ్యి

మా వంశంలో మగవాళ్ళు నిలబడే తీరు ఒకటుంది. ఎడమ చెయ్యి నడుం మీద ఉండాలి, బొటనవేలు వెనక్కి పోయి పక్కటెముకల కింద గట్టిగా ఆనాలి. వీపు నిటారుగా, గడ్డం కొంచెం పైకి. మనిషి మాత్రం ఎడమ పక్కకి వెంట్రుకవాసి వాలాలి. ఆ వాలులోనే దర్పమంతా ఉందని మా నాయన చెప్పేవాడు. అలా నిలబడి మా తాత తీయించుకున్న ఫోటో, ఆదోనిలో మేము మారిన ప్రతి అద్దె ఇంటికీ మాతో వచ్చింది. మిగతా సామానంతా దారిలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కొనుక్కున్నారు. ఫోటోను ఎవరూ అడగలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు నాయన నన్ను ఆ ఫోటో ఎదుట నిలబెట్టి, నా చెయ్యి తీసి నా నడుం మీద పెట్టాడు. తాత నుంచి నేర్చుకోవలసినవి మూడేనన్నాడు. ఆయన నిలబడినట్టు నిలబడటం, ఆయన మూలగనట్టు మూలగకుండా ఉండటం, ఆయన తిన్నది తినకుండా ఉండటం.

ఆయన తిన్నది నల్లమందు. పెద్దకడుబూరు వైపు మాకు భూములుండేవి. ఎన్ని ఎకరాలో నేను చెప్పను. చెబితే ఎవరూ నమ్మరు, నమ్మినవాళ్ళు జాలిపడతారు. రెంటిలో ఏది ఎక్కువ అవమానమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అవన్నీ మా తాత చేతి వెండి బరిణెలో కరిగిపోయాయి. ఆ బరిణె కూడా మిగిలింది. నా అరచేతిలో ఇమిడిపోతుంది. నాయన దాన్ని అమ్మలేదు. సాక్ష్యం ఉండాలని దాచాడు.

ఏటా తాత తద్దినం రోజున, భోజనాలకు ముందు, నాయన ఆ ఖాళీ బరిణెను ఫోటో ముందు పెట్టేవాడు. నేను దాని మీద చెయ్యి పెట్టి, నల్లమందు జాతికి చెందినదేదీ నా ఒంట్లోకి పోనివ్వనని చెప్పాలి. చెప్పాక నాయన ప్రతి ఏడూ ఒకే మాట అనేవాడు. "మాట తప్పినోడు నాకు కొరివి పెట్టాల్సిన పన్లేదు." మాకు తండ్రి చావుకు కొరివి పెట్టడం కంటే పెద్ద హక్కు లేదు. భూములు పోయాక మిగిలిన హక్కు కూడా అదొక్కటే.

గసగసాలు కూడా ఆ మొక్క గింజలేనని నాయనకు ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి గసగసాలు మా గడప తొక్కలేదు. డెబ్బైల మొదట్లో నాకు పెళ్ళయింది. నా భార్యది పత్తికొండ వైపు. వాళ్ళ ఇంట్లో గసగసాలు, కొబ్బరి కలిపి నూరి వేసిన మాంసం కూర రుచి బంధువులందరికీ తెలుసు. మా ఇంటికొచ్చాక ఆమె కొబ్బరీ వేరుశనగలూ వేసి వండేది. బాగుందనే వాళ్ళం. బాగుందనడం కూడా మా వంశంలో నేర్పే విద్యే.

ఎమ్మిగనూరులో ఒక పెళ్ళికి పోయినప్పుడు వడ్డించేవాణ్ణి ఆపి, కూరలో గసగసాలు ఉన్నాయా అని అడిగాను. ఆ ఇంటాయన పరిగెత్తుకొచ్చాడు. ఇదేదో పెద్ద వంశాల్లో ఉండే వ్రతమనుకొని నాకోసం విడిగా వండించాడు. పక్క విస్తరి వాళ్ళు నన్ను చూసి కొంచెం సర్దుకొని కూర్చున్నారు. మా తాత వ్యసనం వల్ల మాకు దక్కిన ఏకైక మర్యాద అది. నేను దాన్ని పూర్తిగా అనుభవించాను.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో నేను పత్తి చూసే గుమాస్తాను. బండ్లలో, ట్రాక్టర్లలో వచ్చిన పత్తిని చేత్తో పట్టి, పింజ లాగి, తేమ ఎంతుందో చెప్పాలి. నందవరం నుంచీ పెద్దకడుబూరు నుంచీ పత్తి వచ్చేది. ఒకప్పుడు మాదైన చేలో పండిన పత్తిని తేమ ఎక్కువుందని నేనే వెనక్కి పంపిన రోజులున్నాయి. నడుం మీద చెయ్యి వేసుకొనే పంపాను.

నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తు లేదు. మూలగకూడదన్న నియమం ఉన్నప్పుడు నొప్పికి తేదీలుండవు. ఎడమ పక్కటెముకల కింద మొదలై గజ్జల దాకా దిగేది. మిల్లులో ఉన్నప్పుడు వస్తే, పత్తి కుప్ప మీదికి వంగి ముఖం దాంట్లో పెట్టేసేవాణ్ణి. పింజ ఒకటి పళ్ళ మధ్య పెట్టుకొని కొరికేవాణ్ణి. నొప్పి తగ్గాక లేచి, "తేమ ఉండాది" అనేవాణ్ణి. ఏదో ఒకటి అనాలి కదా. పత్తిని వాసన చూసి, కొరికి తేమ చెప్పే గుమాస్తా ఆదోని మొత్తం మీద ఒక్కడే ఉన్నాడని మార్కెట్‌లో పేరొచ్చింది. మా యజమాని బయటివాళ్ళు వస్తే నన్ను పిలిచి చూపించేవాడు. ఎన్ని బండ్ల మంచి పత్తి నా నొప్పి వల్ల వెనక్కి పోయిందో దేవుడికే తెలియాలి.

ఎనభైలు మొదలయ్యాక ఒక రోజు కుప్ప మీదికి వంగినవాణ్ణి లేవలేదు. మిల్లులో వాళ్ళు చాలాసేపు నన్ను కదిలించలేదట. చాలా జాగ్రత్తగా చూస్తున్నాడనుకున్నారు. ఎక్స్‌రే తీస్తే ఎడమ మూత్రపిండంలో రేగ్గింజంత రాయి కనబడింది. పక్క కోసి తీయాలన్నారు. ఆదోనిలోనే ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ప్రత్యేక గదిలో గాలి ఆడదని బంధువులకు చెప్పి, ఆరు మంచాల వార్డులో పడుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం మత్తు డాక్టరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కృష్ణా తీరం నుంచి వచ్చిన మనిషి, మాట చివర "అండీ" తప్పేది కాదు. మా వైపు అప్పా, అన్నా అనడమే గాని ఆ "అండీ" ఉండదు. నాతో అంత మర్యాదగా ఎవరూ మాట్లాడి చాలా ఏళ్ళయింది కాబట్టి మొదటి మాటకే ఆమె మీద నాకు సదభిప్రాయం కలిగింది. నేను లేచి నిలబడ్డాను, మా తీరులో.

"ఎన్నేళ్ళ నుంచండీ ఈ నొప్పి?" అంది.

"నొప్పేం లేదు. రాయి ఉందన్నారు, తీయించుకుంటున్నాను."

"మరి చెయ్యి అక్కడెందుకు పెట్టుకున్నారు?"

"అది మా వంశం నిలబడే తీరు."

ఆమె నా చేతిని కొంచెంసేపు చూసింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా రాళ్ళున్నాయా?"

"మాకు రాళ్ళు లేవు. భూములుండేవి" అన్నాను.

ఆమె నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకుంది. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు కోత దగ్గర నొప్పి గట్టిగా ఉంటుందనీ, ఊపిరి పీల్చినప్పుడల్లా తెలుస్తుందనీ, పెథిడిన్ ఇంజెక్షన్లు ఇస్తామనీ చెప్పింది.

"అది నల్లమందా?"

"కాదండీ. ఫ్యాక్టరీలో చేస్తారు, మొక్క నుంచి తీసింది కాదు. పనిచేసే తీరు మాత్రం అదే. ఆ కుటుంబంలోదే అనుకోండి."

లాయరు బుద్ధి ఉన్నవాడైతే మొక్క నుంచి తీసింది కాదన్న మాట పట్టుకొని ఒడ్డెక్కేవాడు. నేను నిటారు మనిషిని. "కుటుంబంలోదైతే వద్దు. కుటుంబాల సంగతి నాకు తెలుసు" అన్నాను. బరిణె సంగతీ, కొరివి సంగతీ ఆమెకు చెప్పాను. గసగసాల సంగతి కూడా చెప్పాను. ఎవరైనా అడ్డు రాకుండా వింటే నేను కొంచెం ఎక్కువ చెబుతాను.

అంతా విన్నాక ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఒక పని చేయవచ్చండీ. కెటమిన్ అని మందుంది. ఎక్కువ ఇస్తే మనిషికి స్పృహ ఉండదు, అలా ఆపరేషన్లే చేస్తాం. చాలా తక్కువ మోతాదులో సెలైన్‌లో కలిపి చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తే స్పృహ ఉంటుంది, నొప్పి పదును తగ్గుతుంది. అప్పుడు పెథిడిన్ తక్కువ సరిపోతుంది."

"తక్కువ సరిపోతుందా, అసలు అక్కర్లేదా?"

"తక్కువ సరిపోతుంది. అక్కర్లేదని నేను మాటివ్వను."

మాట ఇవ్వనని ముందే చెప్పే మనిషిని నేను గౌరవిస్తాను. మా తాత ఆస్తి రాయించుకున్నవాళ్ళందరూ మాటలిచ్చినవాళ్ళే. తన వీలు కూడా ఆమె దాచలేదు. పెథిడిన్ ఎక్కువైతే కొందరికి వాంతులవుతాయట, ఊపిరి మందగిస్తుందట. వార్డంతటికీ ఒక్క నర్సు. ఎవరి ఊపిరి ఎలా ఉందో పూటంతా పక్కనే కూర్చొని చూసేవాళ్ళు లేరు. అందుకే పక్క కోసిన ఆపరేషన్లకు ఈ పద్ధతి పెట్టుకున్నానంది.

"దాంతో ఇబ్బందేమీ ఉండదా?"

"తేలిపోతున్నట్టు ఉంటుంది. కలలు రావచ్చు. వాటికి ఇంకో చిన్న మందిస్తాను. కొందరు కొంచెం మాట్లాడతారు."

"నేను మాట్లాడను."

"అందరూ అదే అంటారండీ."

చివరికి ఒప్పందం కుదిరింది. కెటమిన్ చుక్కలు ఎక్కించాలి. పెథిడిన్ మాత్రం నేను నోరు తెరిచి అడిగితే తప్ప ఇవ్వకూడదు. అడిగితే ఆమె మళ్ళీ బరిణె గురించి వాదించదు, వెంటనే ఇచ్చేస్తుంది. నేను నిశ్చింతగా ఒప్పుకున్నాను. మా వంశంలో నోరు తెరిచి అడిగినవాడు లేడు.

మరునాడు పొద్దున్న నాయన వచ్చాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి, మంచం పక్కన నడుం మీద చెయ్యి వేసుకొని నిలబడి, "మాట గుర్తుండాదా?" అన్నాడు. ఉందన్నాను. నన్ను లోపలికి తీసుకుపోయారు.

నా పక్క మంచం మీద ఎమ్మిగనూరు నేతగాడు ఒకాయన ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. మగ్గం గుంటలో కూర్చొని కూర్చొని వచ్చిందని చెప్పుకునే హెర్నియాకు ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన మూలుగు వార్డులో అందరికీ తెలుసు. పెళ్ళాం వస్తే ఒక రకం, తమ్ముడొస్తే ఇంకో రకం, నర్సమ్మ సూది తెస్తే వేరే రకం. ఆపరేషన్‌కు ముందు రోజు పొద్దున నన్ను, "ఏమప్పా, నీకు నొప్పి ల్యాదా?" అని అడిగాడు.

"లేదు."

"అదృష్టవంతుడివి. నాకుండాది. ఉన్నెప్పుడు మూలిగితే ఏం పోయింది, నా సొంత నోరే కదా."

వాణ్ణి నేను మనసులో తీసిపారేశాను. అప్పట్లో నాకు అదే పెద్ద వ్యాయామం.

ఆపరేషన్ తర్వాత రెండు రోజులు నాకు గుర్తున్నంతవరకు ఇలా ఉంది. పక్కలో నొప్పి ఉంది, కాని అది నాది కాదు. పక్కింట్లో ఎవరో పోట్లాడుకుంటుంటే వినబడినట్టు ఉంది. మంచం నేల మీద ఆనినట్టు లేదు. పైకప్పు దూలం ఒకసారి చాలా దగ్గరికి వచ్చి పోయింది. నోట్లో నీళ్ళూరేవి. ఎవరో నా చెయ్యి పట్టుకొని ఊపిరి గట్టిగా పీల్చమనేవారు, పీల్చేవాణ్ణి. ఈ మొత్తం వ్యవహారంలో నేను వీపు నిటారుగా, నోరు మూసుకొని, మా తాత మనవడికి తగినట్టు పడుకొని ఉన్నానన్నది నా దృఢమైన జ్ఞాపకం.

నాలుగో రోజు పొద్దున సెలైన్ తీసేశారు. దిండు ఎత్తు పెట్టుకొని కూర్చున్నాను. ఒప్పందం నిలబెట్టుకున్న తృప్తి ఉంది. పక్క మంచం నుంచి నేతగాడు గొంతు సవరించుకున్నాడు.

"దొరా, నా నాలుగెకరాలు యాడుండాయప్పా? ఇంటికి పోయేలోగా హద్దులు సూసుకుందామని."

"ఏ నాలుగెకరాలు?"

"ఇదేందప్పా. ఆపరేషన్ అయినరోజు సాయంత్రం ఇస్తివే. పెద్దకడుబూరు కాడ, సెరువు కింద. ఇంతమందిలో ఇస్తివి."

ఎదుటి మంచం మీద కాలు విరిగిన ఆటో డ్రైవరు ఒకతను నవ్వాడు. "నాకు బాయి ఇచ్చినాడన్నా. నీళ్ళుండే బాయేనంట."

"ఊడ్సే ఆయమ్మకు మామిడితోపు" అన్నాడు నేతగాడు. "నర్సమ్మకు రెండెద్దులు. అందరికీ ఇచ్చినావు. మాట మర్యాదగా మాట్లాడినావులే, తప్పు పట్టేదానికి ల్యాదు. నాకు మాత్రం ఏంటికి ఇచ్చినావో సెప్పి మరీ ఇస్తివి."

"ఎందుకిచ్చాను?"

"నేను బాగా మూలుగుతాండానంట. అంత బాగా మూలిగే మనిషిని సూడలేదంటివి."

మా వంశంలో భూమి పోగొట్టుకున్న చివరివాణ్ణి నేనేనని అర్థమైంది. అదీ లేని భూమి. ఆ తర్వాత, అడక్కుండా ఉండవలసింది అడిగాను. "ఇంకేమైనా అన్నానా?"

నేతగాడి నవ్వు కొంచెం తగ్గింది. "డాక్టరమ్మను అడిగినావు కదప్పా. ఆ సూది. అమ్మా, నాకు నొప్పిగా ఉంది, తట్టుకోలేకపోతున్నాను, ఇప్పించండి అన్యావు. పుస్తకంలో మాదిరి సెప్పినావు. మళ్ళా మరుసటి రోజు ఇంగో తూరి అడిగినావు."

డాక్టరమ్మ రౌండుకు వచ్చినప్పుడు నేను కోపంగానే ఉన్నాను. మత్తులో ఉన్నవాడి మాట పట్టుకొని ఒప్పందం మీరారన్నాను. ఆమె కేస్‌షీట్ తెచ్చి నా ముందు పెట్టింది. రెండుసార్లు పెథిడిన్, రెండుసార్లూ మామూలు మోతాదులో సగం.

"కెటమిన్ లేకపోతే ఇది పూట పూటకీ ఇవ్వాల్సి వచ్చేదండీ. అంత తగ్గింది. అంతకంటే తగ్గదని ముందే చెప్పాను."

"నేను అడగలేదు. ఆ మందు అడిగింది."

"మొదటిసారి మందు మాట్లాడిందో మీరు మాట్లాడారో నేను చెప్పలేను. అప్పుడు ఊపిరి పైపైనే తీస్తున్నారు, నొప్పి ఎక్కువుందని చూస్తేనే తెలుస్తోంది. రెండోసారి చుక్కలు బాగా తగ్గించాక అడిగారు. మీ ఊరు, మీ పేరు, మీ ఉద్యోగం అడిగి చూశాను, అన్నీ సరిగా చెప్పారు. నా ముఖం చూసి అడిగారు." ఆమె కేస్‌షీట్ మూసింది. "మీ తాతగారు తిన్నదీ నేను ఇచ్చిందీ ఒకటి కాదండీ. కోత నొప్పికి రెండు రోజులు, కొలిచి ఇచ్చాను. ఆపేశాను కూడా. ఇప్పుడు మీకు కావాలని ఉందా?"

లేదు. నాకు కావలసింది వేరే ఉంది. అది పది గంటలకు మజ్జిగ చెంబుతో వార్డులోకి వస్తుంది.

దాచవచ్చు. వార్డులో ఉన్నవాళ్ళందరూ నా జమీన్‌లో వాటాదారులే, అడిగితే నోరు మూసుకునేవాళ్ళే. కాని అబద్ధం చెప్పి కొరివి పెట్టడం దొంగతనంగా భూమి దున్నుకోవడం లాంటిది. నాయన వచ్చి చెంబు బల్ల మీద పెట్టి, తన తీరులో నిలబడ్డాడు.

"నాయనా, నేను అడిగినాను" అన్నాను.

"ఏమి?"

"ఆ మందు."

నేతగాడు మూలగడం ఆపేశాడు. ఆసుపత్రిలో చేరాక అది మొదటిసారి అనుకుంటాను.

"ఎన్నితూర్లు?" అన్నాడు నాయన.

"రెండు."

"ఎవురన్నా బలవంతం చేసినారా?"

"ల్యాదు. నోరు తెరిచి అడిగినాను."

నాయన నా వైపు కాకుండా కిటికీ వైపు చూశాడు. తర్వాత కండువా సర్దుకొని వెనక్కి తిరిగాడు. ఆయన తలుపు దాకా పోయి ఉంటే ఇక ఆ విషయం ఎన్నటికీ మా మధ్య మాటల్లోకి వచ్చేది కాదు. నేతగాడు ఆపాడు.

"పెద్దయ్యా, ఒక మాట. మీది పెద్దకడుబూరు దిక్కు ఆ రెండంతస్తుల మిద్దె కదా? ఈయప్ప భూములు పంచుతాంటే అనుమానం వచ్చింది. మా నాయనా నేనూ ఆడికి పంచెలు మోసుకొస్తాంటిమి, నాకు పదహారు పదిహేడేండ్లప్పుడు."

నాయన నిలబడ్డాడు.

"మీ నాయన గుడ్డ సూసే తీరు మా ఎమ్మిగనూరులో ఇప్పటికీ సెప్పుకుంటారు. చేత్తో సూసేటోడు కాదు. అంచు పండ్ల మధ్యన పెట్టుకొని కొరికేటోడు. కండ్లు మూసుకొని, సానా సేపు. మేం ఊపిరి బిగబట్టుకొని నిలబడుకుంటాంటిమి. తర్వాత వదిలిపెట్టి, గట్టి గుడ్డే అనేటోడు. ఒక్కొక్కనాడు వసారాలో సల్లటి నాపబండ మీద ఎడమ పక్క ఆనించి పండుకొని ఉండేటోడు. ఏం దొరా అంటే, ఎండరా, అనేటోడు. సలికాలం పూట ఎండేందో మాకు తెలియకపాయె."

పళ్ళ మధ్య పత్తి పింజ రుచి నాకు తెలుసు. నొప్పి తగ్గాక ఏదో ఒకటి అనవలసి రావడం కూడా తెలుసు. తేమ ఉంది అని నేను అనేది ఆయన గట్టి గుడ్డే అనేవాడు. అంతే తేడా.

"నాయనా" అన్నాను. "నేను మిల్లులో పత్తి కొరికేది తేమ సూసేదానికి కాదు."

నాయన మెల్లగా అన్నాడు, మాతో కాదు. "ఆయప్ప పంచెలన్నీ అంచులు కొరికినవే. నల్లమందు మైకంలో కొరుకుతాండాడనుకుంటిమి."

అప్పుడే డాక్టరమ్మ ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చింది. తలుపు దగ్గరే ఆగి నాయనను చూసింది. నడుం మీద చెయ్యి, వెనక్కి పోయిన బొటనవేలు, ఎడమకి వెంట్రుకవాసి వాలు. "మీకు ఎన్నేళ్ళ నుంచండీ?" అంది.

"ఇది మా వంశం..." అని నాయన మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేదు. చెయ్యి దించాడు. దించిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంచెంసేపు చూసుకొని, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన పరాయి చోట కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

ఆ రోజు కొరివి మాట ఎత్తలేదు. మజ్జిగ తాగమన్నాడు. పోయేటప్పుడు, నా రాయి వేసి ఇచ్చిన చిన్న సీసాను చొక్కా జేబులో వేసుకొని పోయాడు.

తర్వాత కొన్ని నెలలు నేను తీర్పు కోసం ఎదురుచూస్తూ బతికాను. నాయన నాతో మాట్లాడేవాడు, కాని ఆ సంగతి కాదు. ఎక్స్‌రే తీయించుకోమంటే, ఇన్నేళ్ళు తెలీకుండా గడిచింది, ఇప్పుడు తెలుసుకొని ఎవరికి చెప్పాలన్నాడు. మిల్లులో నేను పత్తి కొరకడం మానేశాను. నా అంచనాలు ముందుకంటే సరిగ్గా ఉండేవి, కాని చూడటానికి ఎవరూ రాలేదు. నేతగాడు ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఎవరో వస్తుంటే ఒక కండువా పంపాడు. నాలుగెకరాల తాలూకు మొదటి ఏడు శిస్తు అని చెప్పమన్నాడట. తిప్పి పంపడానికి మనసొప్పలేదు. శిస్తు వచ్చి మా ఇంట్లో ఎన్నేళ్ళయిందో.

తాత తద్దినం వచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లోంచి ఒక వాసన వస్తోంది. వేయించిన గింజల వాసన. మా ఇంట్లో ఎన్నడూ లేనిది, పత్తికొండలో మా అత్తగారింట్లో నేను ముక్కు తిప్పుకొని కూర్చున్నప్పటిది. నా భార్య రోట్లో ఏదో నూరుతోంది. నేను గుమ్మంలో నిలబడితే తల ఎత్తకుండా, "మామే తెచ్చిచ్చినాడు. నన్ను అడగద్దు" అంది.

నాయన ఎమ్మిగనూరు కండువా భుజాన వేసుకొని, ఫోటో ముందు కూర్చొని ఉన్నాడు. బరిణె ఎప్పటిలాగే ఎదుట ఉంది. నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. ఆయన బరిణె తీసి నా చేతిలో పెట్టాడు. లోపల గలగలమంది. మూత తీస్తే నా రాయి. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న బరిణెలో ఇప్పుడు అదొక్కటే ఉంది.

ప్రమాణం చేయమనలేదు. ఫోటో వైపు చూస్తూ, "ఆయప్ప ఎవుర్నీ అడగల్యా" అన్నాడు. ఇంకొంచెంసేపటికి, "నువ్వు అడిగినావు" అన్నాడు. అది మెప్పో తిట్టో గొంతును బట్టి చెప్పలేకపోయాను. ఆయన గొంతు అలాంటిది.

"మరి కొరివి?" అన్నాను.

"నువ్వు కాకుంటే ఇంకెవురుండార్రా నాకు?"

నిజమే. నేను ఆయనకు ఒక్కగానొక్క కొడుకును. ఇన్నేళ్ళుగా ఏటా నన్ను వణికించిన ఆ శిక్షను అమలు చేయడానికి ఆయన దగ్గర రెండో మనిషి లేడన్న సంగతి నాకూ తట్టలేదు, ఆయనకూ తట్టినట్టు లేదు.

భోజనానికి కూర్చున్నాం. నాయన గసగసాల కూర కలుపుకొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నా భార్య గరిటె పట్టుకొని నిలబడి ఉంది. ఉప్పు తక్కువైందన్నాడు. రెండోసారి వేయించుకున్నాడు. మూడోసారి కూడా వేయించుకున్నాడు. తిన్నాక లేవబోయి, ఎడమ చెయ్యి నడుం మీదికి పోబోతే ఆపుకొని, ఆ చెయ్యి నేలకు ఆనించి లేచాడు. లేస్తూ, "అమ్మా" అన్నాడు.

మా ఇంట్లో నేను విన్న మొదటి మూలుగు అది. నేనూ నా భార్యా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎమ్మిగనూరు నేతగాడు విని ఉంటే, అంత సన్నగా మూలిగితే అరెకరం కూడా రాదప్పా అనేవాడు.